నది కింద రెండు నిమిషాలు

ఆ ఉదయం ఆకాశం సుమత్రా వైపు నుంచి కమ్ముకొచ్చింది. తెల్లవారకముందే గాలి లేచి శ్మశానం గడ్డినంతా ఒక పక్కకు పడుకోబెట్టింది. ఆ వెనకే వాన గంటసేపు దంచి, ఎవరో పిలిచినట్టు తూర్పుకు వెళ్ళిపోయింది. ఏడున్నరకు బూన్ తెక్ శ్మశానం ఆఫీసు అరుగు మీద నిలబడి చూస్తే పడమర ఇంకా మసిపట్టిన బాణలి అడుగులా ఉంది. తూర్పున మాత్రం సన్నటి చీలిక, తలుపు సరిగ్గా వేయని గదిలోంచి వచ్చే వెలుతురులా. అతని చేతుల్లో ఎర్రగుడ్డలో మూటగట్టిన పింగాణీ కుండ ఉంది. కుండలో నాయన ఉన్నాడు. రెండు కిలోల బియ్యమంత బరువు, అంతే. బతికున్న రోజుల్లో వీపు మీద బస్తా ఎత్తుకుని, జానెడు పలక మీద పడవలోంచి గట్టుకు నడిచిన మనిషి.

పదహారేళ్ళు ఆ మట్టిలో ఉన్నాడు నాయన. ఆ నేల వేరే పనికి కావాలని నోటీసు వచ్చింది. మూడు రోజుల కిందట ఎముకలు తీశారు, కాల్చారు, ఈ రోజు వచ్చి పట్టుకెళ్ళమన్నారు. ఊరికి ఆ చివర, బెడోక్‌లో, అక్క గ్యోక్ ఎంగ్ ఇంటికి దగ్గరి గుడిలో అస్థికలుంచే గూడు తీసుకున్నారు. పది గంటలకు గుడి పెద్దాయన మంత్రం చదువుతాడు, పదకొండు దాటితే ఆ ఘడియ పోతుంది, మళ్ళీ మంచి రోజు మూడు వారాలకు గానీ లేదు. అందాకా నాయన ఎక్కడుండాలో ఎవరికీ తెలియదు, అస్థికల్ని ఇంటి గడప దాటించకూడదు. ఇదంతా అక్క ఫోనులో రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పింది వేరే. మోయాల్సింది కొడుకు కాబట్టి నీ చేతికిస్తున్నాను, లేకపోతే నేనే తెచ్చుకునేదాన్ని అంది. మెట్టు వస్తే చెప్పాలి, మలుపు వస్తే చెప్పాలి, బండి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెప్పాలి, వంతెన వచ్చినా నీళ్ళు వచ్చినా తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే మనిషి అక్కడే ఆగిపోతాడు, నీతో కుండ ఒక్కటే వస్తుంది అంది. తెలుసులే అన్నాడతను. తెలుసు, కానీ నువ్వు మర్చిపోతావు, అంది అక్క.

అందుకని నల్లగొడుగు విప్పి, కుండకు ఆకాశం తగలకుండా పట్టుకుని, నాయనా మెట్లు, మూడున్నాయి, అని చెప్పి దిగాడు. గేటు దగ్గర టాక్సీ ఆగింది. డ్రైవరు ఎర్రమూట చూశాడు, గొడుగు చూశాడు, నా షిఫ్టు అయిపోయిందన్నా అని అద్దం పైకెత్తుకున్నాడు. బూన్ తెక్‌కు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త నిద్ర ఉండాలి. రాత్రి తను తోలిన ఆఖరి రైలును షెడ్డుకు చేర్చి, అక్కడే బల్ల మీద రెండు గంటలు నడుం వాల్చి, మొహం కడుక్కుని నేరుగా ఇటు వచ్చాడు. ఈ ఉద్యోగంలో చేరిన ముప్పై ఏళ్ళలో నిద్ర ఎప్పుడూ ఒక్క ముక్కగా దొరకలేదు. నడివయసు దాటాక ముక్కలు ఇంకా చిన్నవయ్యాయి. ఇప్పుడు యాభై ఏడు. నాయనా, బస్సు వస్తోంది, ఎక్కుదాం. నాయనా, మలుపు. నాయనా, ఇంకో మలుపు. బస్సు డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి మళ్ళీ చూడలేదు.

బూన్ లే స్టేషనులో మెట్లన్నీ చెప్పి, ప్లాట్‌ఫారం అంచు దగ్గర ఎడం ఉందని కూడా చెప్పి, నాయనా బండెక్కుతున్నాం, జాగ్రత్త, అన్నాడు. అది డ్రైవరుండే ముందు గది కాదు, అందరూ కూర్చునే పెట్టె. ముప్పై ఏళ్ళు ఇదే పట్టాల మీద బండి తోలినవాడికి పెట్టెలో కూర్చుంటే ఒళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియదు. తలుపులు మూసుకునే ముందు గంట కొడుతుంటే బొటనవేలు తనంతట తాను మీట కోసం వెతుకుతుంది. గోడలోంచి మాట వచ్చింది: తర్వాతి స్టేషను లేక్‌సైడ్ అని ఇంగ్లీషులో, మాండరిన్‌లో, మలాయిలో, తమిళంలో. నాలుగు భాషల్లో ఒక్కటీ నాయనది కాదు. నాయన తన టియోచ్యూ తప్ప ఇంకో మాట చెవిన వేసుకోడు. మొదటి ఏళ్ళలో స్టేషన్ల పేర్లు డ్రైవరే మైకులో చెప్పేవాడు. స్పష్టంగా చెప్పు, తొందరపడకు, చెప్పాక ఒక్క ఊపిరి ఆగు, అని నేర్పించారు. ఆ తర్వాత యంత్రం వచ్చి ఆ పని తీసుకుంది, అతని నోరు మూతపడింది, ఇరవై ఏళ్ళకు పైగా బండిలో అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు మళ్ళీ చెబుతున్నాడు, ఒక్కరి కోసం, కుండ మీదికి వంగి. నాయనా, లేక్‌సైడ్. స్పష్టంగా, తొందరపడకుండా. ఒక్క ఊపిరి ఆగాడు.

పక్క సీటులో ఒక పెద్దావిడ, చక్రాల సంచినిండా ఉల్లికాడలు, చేప తోక బయటికి కనబడుతోంది. ఆవిడ చాలాసేపు వింది. తర్వాత సంచి కాళ్ళ మధ్యకు లాక్కుని, తను కిటికీ వైపు జరిగి, మధ్యలో జానెడు చోటు చేసింది.

"అమ్మా, నాన్నా?" అంది.

"నాయన."

"ఎందాకా?"

"బెడోక్."

"అంత దూరం ఒళ్ళో పెట్టుకుపోతావా? ఇక్కడ కూర్చోబెట్టు. ఇంకాస్త గట్టిగా చెప్పు, ముసలాళ్ళకు సరిగా వినబడదు."

అతను కుండను ఆ చోటులో పెట్టి చెయ్యి మాత్రం వదల్లేదు. చైనీస్ గార్డెన్ చెప్పాడు. చెరువు వచ్చింది, నాయనా నీళ్ళు అని చెప్పాడు. జురాంగ్ ఈస్ట్‌లో జనం తోసుకొచ్చారు, ఎవరో కుర్రది ఎర్రమూట చూసి ఫోను మీద నుంచి కళ్ళెత్తి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ వెనకున్నవాళ్ళూ ఒక అడుగు వేశారు. క్లెమెంటీలో పెద్దావిడ లేచి, సంచి ఎత్తుకుని, వస్తానయ్యా పెద్దాయనా అని కుండకు చెప్పి దిగింది. అతనికి చెప్పలేదు.

నాయన ఈ బండి ఒక్కసారే ఎక్కాడు. అప్పటికి పడవలు పోయి అయిదేళ్ళు. నదిని శుభ్రం చేస్తామన్నారు, సరుకు పడవలన్నిటినీ పంపేశారు. కళ్ళు గీసిన పడవ నాయనది. ముందు వైపు రెండు గుండ్రటి కళ్ళు, ప్రతి కొత్త సంవత్సరానికీ తనే రంగు వేసేవాడు. కళ్ళు లేకపోతే దానికి దారి ఎలా తెలుస్తుంది అనేవాడు. పడవ పోయాక కూడా రోజూ పొద్దున్నే వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాడు. నీళ్ళు తేటబడుతున్న కొద్దీ నాయన మాట తగ్గింది. కొడుకుకు బండి తోలే ఉద్యోగం వచ్చిందని ఇంట్లో కోడి కోశారు. అమ్మ అప్పుడు ఉంది. సెలవు రోజున నాయన్ని తీసుకొచ్చి ఎక్కించాడు. నాయన చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాడు, నేల అంత శుభ్రంగా ఉంది మరి. జేబులో వేయించిన వేరుసెనగలు. బండిలో తినకూడదు నాయనా, జరిమానా వేస్తారు, అంటే జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ముందు గది అద్దంలోంచి డ్రైవరును చాలాసేపు చూశాడు. అప్పటికే బండిని తోలేది యంత్రమే, వాన రోజున తప్ప. మనిషి తలుపులు మూసి, రెండు మీటలు నొక్కి, ముందుకు చూస్తూ కూర్చుంటాడు. నాయన చూసి చూసి అడిగాడు. చుక్కాని లేదు, తెడ్డు లేదు, పట్టాలు ఎటు పోతే అటే పోతుంది, మరి నీ పనేమిట్రా? తలుపులు మూస్తాను నాయనా. నాయన తల ఊపాడు. మూసుకో, అన్నాడు. వెటకారంగా కూడా అనలేదు, అందుకే అది లోపల ఉండిపోయింది. కాల్లో ముల్లయితే తీసి పారేయొచ్చు. ఇది చేపముల్లు మింగినట్టు, ఉందో లేదో తెలియకుండా ఉంది. దానికి జవాబు ఏదో ఉందని, అది తనకు తెలుసని, నోటిదాకా రాలేదని ముప్పై ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. నాయనా, డోవర్. నాయనా, బువోనా విస్తా. అప్పుడు ఈ డోవర్ లేదు నాయనా, తర్వాత కట్టారు. ఊపిరి ఆగాడు.

ఆ రోజు నాయన రఫుల్స్ ప్లేస్‌లో ఠక్కున లేచి నిలబడ్డాడు. ఇక్కడ్నుంచి నది కింద పోతాం, రెండే నిమిషాలు, అని కొడుకు గొప్పగా చెప్పాడు. అంతే, నాయన చెప్పులు తొడుక్కుని దిగిపోయాడు. నీళ్ళ మీద నలభై ఏళ్ళున్నాను, నీళ్ళ కిందికి పోకుండా చూసుకోవడమే ఆ నలభై ఏళ్ళూ నేను చేసిన పని, నువ్వు పో, నేను వంతెన మీదుగా వస్తా, అన్నాడు. కొడుకు పోయి సిటీ హాల్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ఒకదాని తర్వాత ఒకటి పదకొండు బండ్లు వెళ్ళిపోయాయి. నాయన చెమటతో మెట్లు దిగి వచ్చాడు, దోసిలి ఖాళీ, వేరుసెనగలు వంతెన మీద అయిపోయాయి. కొడుకు కోసం మాత్రం జేబులో రెండు మిగిల్చాడు.

క్వీన్స్‌టౌన్, రెడ్‌హిల్. కిటికీ పక్కనించి ఎత్తు మేడలు పోతున్నాయి. బాల్కనీల్లో వెదురు కర్రలకు తడి బట్టలు, వాన చూసి లోపలికి తీసినవాళ్ళు మళ్ళీ బయటికి చాపుతున్నారు. ఒక ముసలాయన పదో అంతస్తులో నిలబడి బండినే చూస్తున్నాడు, రోజూ ఇదే వేళకు చూస్తాడు, ముందు గదిలోంచి బూన్ తెక్‌కు అతను తెలుసు, అతనికి బూన్ తెక్ తెలియదు. కళ్ళు మండుతున్నాయి. నాయనా, సొరంగం. చీకటి పడుతుంది, భయపడకు. పట్టాలు కిందికి వాలాయి, చెవుల్లో గాలి బిగిసింది, కిటికీలో తన మొహమే కనబడింది, నాయన మొహం లాగానే. టియోంగ్ బారు. అవుట్రామ్ పార్క్. బండి ఊగే లెక్క ఒంటికి తెలుసు, ఎక్కడ ఎడమకు ఒరుగుతుందో, ఎక్కడ పట్టు విడుస్తుందో. ఊయలలో బిడ్డకు తెలిసినట్టు తెలుసు. నాయనా, తాంజోంగ్ పాగర్, అన్నాడు. తర్వాతది రఫుల్స్ ప్లేస్, దాని తర్వాత నది, అక్కడ గట్టిగా చెప్పాలి, నది అని చెప్పాలి, పై నుంచి పోదామా అని కూడా అడగాలి, అడిగి

వెలుతురు. ఎర్రగుడ్డ మీద ఎండ పడి ఉంది. గొడుగు మోకాళ్ళ మధ్య ముడిచినట్టే ఉంది. బండి సొరంగంలోంచి పైకొచ్చి వంతెన మీద నడుస్తోంది, కింద కలాంగ్ నది, నీళ్ళు మెరుస్తున్నాయి. గోడలోని గొంతు కలాంగ్ అంటోంది. అతను చెయ్యి కుండ మీద పెట్టి ఉంచాడు, చెయ్యి జారలేదు, తల వాలలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు చూస్తే మేలుకునే ఉన్నాడనుకుంటారు. రఫుల్స్ ప్లేస్ చెప్పలేదు. నది చెప్పలేదు. సిటీ హాల్, బూగిస్, లావెండర్, ఏదీ చెప్పలేదు.

అది నిద్ర కాదని అతనికి తెలుసు. అదే భయం. నది కింద ఆ రెండు నిమిషాలు అతనికి ఎప్పుడూ ఉండవు. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు ఆ ముక్క దాటాడో, ఒక్కటీ గుర్తు లేదు. రఫుల్స్ ప్లేస్‌లో తలుపులు మూసి మీటలు నొక్కాక మళ్ళీ కళ్ళ ముందుకొచ్చేది సిటీ హాల్ దీపాలే. బండి అదే పోతుంది, అదే ఆగుతుంది, మనిషి కళ్ళు తెరుచుకుని ఎటో వెళ్ళి వస్తాడు, ఈ పూట రావడానికి కలాంగ్ దాకా పట్టింది. డ్రైవర్లందరికీ ఎక్కడో ఒకచోట ఇలాంటి ముక్క ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పుకోరు. నాయన పోయిన రోజు మధ్యాహ్నం రెండూ పది. అక్క చేతుల్లో పోయాడు. నాలుగేళ్ళు మంచంలో ఉన్న మనిషికి తిండి పెట్టింది అక్క, ఎత్తింది అక్క, కడిగింది అక్క. తను షిఫ్టుల మధ్య వచ్చి మంచం పక్కన కూర్చుని కునికేవాడు. అక్క ఆఫీసుకు ఫోను చేసింది. బండి చివరి స్టేషను చేరేదాకా ఆఫీసువాళ్ళు అతనికి చెప్పలేదు. బండిలో వెయ్యిమంది ఉన్నారు, అది సరైన పనే, తనున్నా అదే చేసేవాడు. తర్వాత ఒకరోజు ఆ నాటి టైము కాగితం తెప్పించుకుని చూసుకున్నాడు. రెండూ పదికి తను నది కింద ఉన్నాడు. ఆ రెండు నిమిషాల్లో ఏం చూశాడో, ఏ ఆలోచనలో ఉన్నాడో, ఛాతీలో ఏమైనా కలుక్కుమందో, ఎంత తవ్వినా రాలేదు. ఇంటికి పోతే అక్క గుమ్మంలో నిలబడి, వచ్చావా, అంది. అంతే. తువ్వాలు చేతికిచ్చింది. ఆ తర్వాత పదహారేళ్ళలో ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తలుపులు తెరుచుకున్నాయి. తొమ్మిదీ ఇరవై. ఇలాగే కూర్చుంటే పది లోపల గుడిలో ఉంటాడు. ఎవరికీ తెలియదు. గుడి పెద్దాయనకు తెలియదు, అక్కకు తెలియదు. కుండ ఎత్తి చూశాడు. బరువు అంతే ఉంది. తగ్గి ఉంటే తెలిసేది, పెరిగి ఉంటే తెలిసేది, అంతే ఉంటే ఏం తెలుస్తుంది? గంట మొదలైంది. లేచి దిగాడు. నాయనా దిగుతున్నాం అనబోయి, నోరు తెరిచి, మూసుకున్నాడు. ఎవరికి చెప్పాలి?

కలాంగ్ ప్లాట్‌ఫారం చివర, స్తంభం నీడలో నిలబడి ఫోను చేశాడు. అవతల ఎవరో నేల ఊడుస్తున్న చప్పుడు.

"ఎక్కడున్నావు?" అంది అక్క.

"కలాంగ్."

"అయితే ఇంక పావుగంట. పళ్ళు పెట్టాను, అగరొత్తులు..."

"అక్కా, కునుకు పట్టింది."

చీపురు చప్పుడు దూరమైంది. అక్క ఎక్కడికో నడిచింది.

"ఎక్కణ్ణుంచి?"

"తాంజోంగ్ పాగర్ తర్వాత. నది దగ్గర చెప్పలేదు."

ఇప్పుడు వస్తుందనుకున్నాడు, పదహారేళ్ళ బాకీ అంతా. రావాలనే అనుకున్నాడు. వింటూ నిలబడ్డాడు.

"రాత్రి డ్యూటీ చేసి నేరుగా వెళ్ళావు, అవునా?" అంది అక్క. "ఏమైనా తిన్నావా?"

"లేదు."

"సరే. వెనక్కి వెళ్ళి తీసుకురా. పెద్దాయన్ని నేను ఆపుతాను."

"పదకొండు దాటితే..."

"దాటితే దాటింది. సగం మనిషిని తెచ్చి ఏం చేసుకుంటాం?"

ఎదురు బండి వచ్చింది. ఖాళీ సీట్లున్నా కూర్చోలేదు. కుండను పొట్టకు ఆనించుకుని తలుపు అద్దం దగ్గర నిలబడ్డాడు. లావెండర్, బూగిస్, సిటీ హాల్. ఎవరికీ ఏమీ చెప్పలేదు. సిటీ హాల్‌లో తలుపులు మూసుకోగానే కళ్ళు పెద్దవి చేసుకున్నాడు, చిన్నప్పుడు నాయన పడవలో పడుకుని నిద్ర ఆపుకున్నట్టు. ఇదన్నమాట. మొదట పట్టాలు కిందికి దిగుతాయి, మెల్లగా, పాదాల్లో తెలుస్తుంది. గోడ మీద దీపాలు, ఒకటి పోగానే ఇంకోటి, నడుమ నల్లటి తీగలు పాముల్లా పరుగెత్తుతున్నాయి. ఒకచోట గోడ మీద చెమ్మ, వేలెడు తెల్లటి చార. చక్రాల పాట ఒక్కసారి మారింది, లోతుగా, ఖాళీ పీపాలో మాట్లాడినట్టు. పైన నీళ్ళున్నాయి కాబట్టా? ఏమో. దీపాలు లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది దాకా వచ్చాక పట్టాలు పైకి లేచాయి, పట్టు విడిచింది, వెలుతురు. అంతే. ఇంత చిన్నది. ఇందులో దాగడానికి కూడా చోటు లేదు. ఇన్నేళ్ళూ తను ఎక్కడికి పోయేవాడో ఆ చోటు ఇక్కడ ఎక్కడా లేదు.

రఫుల్స్ ప్లేస్‌లో దిగేసరికి ఆఫీసుల జనం పలచబడింది. తాంజోంగ్ పాగర్ నుంచి వచ్చే బండ్లు ఆగే వైపుకు నడిచి, ఇందాక తను కూర్చున్న పెట్టె తలుపు ఎక్కడ పడుతుందో లెక్కగట్టి అక్కడ నిలబడ్డాడు. ఆ లెక్క తప్పడానికి వీల్లేదు. నాయనా, అన్నాడు. గొంతు పైకి రాలేదు. ముసలాళ్ళకు వినబడదు. నాయనా, నేను, తెక్‌ని. ఇందాక చెప్పకుండా పోయాను. పక్కన టై కట్టుకున్న మనిషి తలతిప్పి, చెవిలో తీగ ఉందేమోనని చూసి, మళ్ళీ ముందుకు చూశాడు. బండి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. అతను ఎక్కలేదు. ఒక ముసలావిడ కర్ర పట్టుకుని మెట్ల దగ్గర నుంచి వస్తోంది, రాలేనేమో అనుకుంటూనే వస్తోంది. గంట మొదలవ్వాలి, మొదలవ్వలేదు. ముందు గదిలో ఎవరో కుర్ర డ్రైవరు ఆవిణ్ణి తెరలో చూసి ఉంటాడు. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు. ఆవిడ ఎక్కింది. అప్పుడు గంట కొట్టింది, తలుపులు మూసుకున్నాయి. బూన్ తెక్ చూస్తూ నిలబడ్డాడు. ఇదే కదా. తను రోజుకు ఎన్నిసార్లు చేసిన పని, ఎవరూ నేర్పించనిది, జీతం లెక్కలో లేనిది. మూయడం కాదు నాయనా, అన్నాడు, ఈసారి గొంతు వచ్చింది. తలుపులు మూయడం యంత్రానికీ వచ్చు. మనిషి వచ్చేదాకా మూయకుండా ఆగడం. నా పని అది. నువ్వు అడిగావు కదా. ఇంకో బండి వచ్చి వెళ్ళింది, ఇంకోటి వచ్చి వెళ్ళింది. మూడు వెళ్ళాక, పద నాయనా, కింద వద్దులే, పై నుంచి పోదాం, అన్నాడు. మెట్లున్నాయి, కదిలే మెట్లు, కాలు జాగ్రత్త.

పైకి వచ్చేసరికి ఆకాశం కడిగి ఆరబెట్టినట్టు ఉంది. గొడుగు విప్పాడు. మేడల సందులోంచి నడిచి నది ఒడ్డుకు వచ్చి, పాత ఇనప వంతెన మొదట్లో ఆగాడు. నాయనా, వంతెన. కింద నీళ్ళు. నీ నీళ్ళే. బస్తాలు దించిన మెట్ల మీద ఇప్పుడు హోటలు బల్లలు వేశారు, కుర్చీలు ఇంకా తలకిందులుగా ఉన్నాయి. ఒక పడవ పోతోంది, నలుగురు యాత్రికులతో, సరుకు లేక తేలిగ్గా ఊగుతూ. దాని ముందు రెండు కళ్ళు గీసి ఉన్నాయి. ఎవరు గీశారో గానీ నల్లగుడ్డు సరిగ్గా పడలేదు, కాస్త పైకి చూస్తోంది. చూశావా నాయనా, అన్నాడు. వంతెన నడుమ పరుగెత్తేవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. అవతలి గట్టు దిగేటప్పుడు భుజాలు పీకాయి. కుండ బరువెక్కిందో, తను అలిసిపోయాడో. అది ఎటూ తేలే సంగతి కాదు. అయినా ఆ పొద్దున్నించి మొదటిసారి ఒళ్ళు నొప్పి హాయిగా అనిపించింది.

సిటీ హాల్‌లో మళ్ళీ బండెక్కి ప్రతి స్టేషనూ చెప్పాడు, మైకులో చెప్పే గొంతుతో, ఎవరు చూసినా పట్టించుకోకుండా. బూగిస్. లావెండర్. నాయనా, వెలుతురు వస్తుంది, కళ్ళు మూసుకో, గొడుగు వేస్తున్నాను, వంతెన, కింద ఇంకో నది. బండిలో గొడుగు విప్పితే ఎదుటి సీటులో మలాయి పెద్దాయన టోపీ సర్దుకుని తల వంచాడు. కలాంగ్, అల్జునీద్, పాయా లెబార్, యూనోస్, కెంబాంగన్. నాయనా, బెడోక్. ఇక్కడ దిగుతాం. ఇదే చివరిది.

గుడి దగ్గరికి వచ్చేసరికి పదకొండుకు పన్నెండు నిమిషాలుంది. అక్క వాకిట్లో నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది, పోయిన కొత్త సంవత్సరానికి ఇంత లేదు. ఎదురొచ్చి, గొంతు తగ్గించి, నీకు దారిలో కడుపునొప్పి వచ్చిందని చెప్పాను, పెద్దాయన చూసేటప్పుడు కాస్త పొట్ట పట్టుకో, అంది. తర్వాత గొడుగు కిందికి వంగి ఎర్రమూట మీద అరచెయ్యి వేసింది.

"వచ్చావా, నాయనా," అంది.

మంత్రం పది నిమిషాల్లో అయింది. గూడు నాలుగో వరసలో, భుజమెత్తున ఉంది. లోపల పెట్టే ముందు, నాయనా గూడు, ఇదే ఇల్లు, అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. గూటికి మూతపలక బిగించాక అతని చేతులు ఏం పట్టుకోవాలో తెలియక గొడుగునే పట్టుకున్నాయి.

బజారు పక్కన తిండి బల్లల దగ్గర జనం అప్పుడే నిండుతున్నారు. అక్క ముందు నడిచి ఒక గుండ్రటి బల్ల పట్టుకుంది. చేతిసంచిలోంచి మూడు టిష్యూ పొట్లాలు తీసి, చోటు పట్టుకున్నామని గుర్తుగా, మూడు పీటల మీద పెట్టింది. ఒకటి తనకు, ఒకటి తమ్ముడికి. మూడో పీటకు అటూ ఇటూ ఇద్దరూ కూర్చున్నారు. పళ్ళెం పట్టుకుని ఒకతను వచ్చి, పొట్లం చూసి, ఇంకో బల్లకు పోయాడు. అక్క వేడి గంజి తెచ్చింది, ఉప్పు గుడ్డు, ఆవిరికి ఉడికించిన చేప, ముల్లంగి వేపుడు. చేప తలను మూడో పీట వైపు తిప్పి పెట్టింది. ఇద్దరూ తిన్నారు. అతను మధ్యలో ఒకసారి కునికాడు, తినే పుల్లలు చేతిలోంచి జారలేదు, మళ్ళీ మేలుకుని తిన్నాడు. అక్క గిన్నె ముందు ఖాళీ అయింది. పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టింది. వెనకాల ఇద్దరు పళ్ళాలతో నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నారు. అక్క వాళ్ళ వైపు చూడలేదు, లేవలేదు. అతని గిన్నెలో గంజి ఉన్నంతసేపూ ఆగింది.